వెండి ఫిల్లింగు పోతోంది... మరి పుచ్చు పన్ను సంగతేంటి?

కొన్ని వారాలుగా జైనూర్‌లో నా ఓపీకి వచ్చేవారిలో కొందరు బీపీ, షుగర్ మాటలు అయిపోయాక ఫోన్ తీసి ఒక మెసేజ్ చూపిస్తున్నారు. ‘పళ్లలో పాదరసం. ప్రపంచమంతా నిషేధం. వెంటనే తీయించుకోండి’ అని దాని సారాంశం. మొన్న ఒక టీచరమ్మ ఫోన్‌తో ఆగకుండా నోరు కూడా తెరిచి చూపించారు. కుడివైపు కింది దవడ పన్నులో పన్నెండేళ్ల కిందట పెట్టించుకున్న వెండి ఫిల్లింగు ఉంది. కాస్త నల్లబడింది గానీ అంచులు గట్టిగానే ఉన్నాయి. నొప్పి లేదు, తీపి తింటే జిల్లుమనడం లేదు.

‘‘ఇది తీపిచ్చుకోవాల్నా సార్? పిల్లకు పాలిచ్చినన్ని రోజులు ఇది నోట్లనే ఉండె కదా. పిల్లకేమన్నా అయ్యుంటదా?’’

ఆమె కళ్లలో భయం నిజమైనదే. అదే వారంలో సిర్పూర్ (యు) వైపు నుంచి ఒక రైతును తీసుకొచ్చారు. వయసు యాభై దాటింది, షుగర్ ఉంది. గదవ కింద రెండువైపులా వాచిపోయి, నాలుక పైకి లేచి, నోరు తెరవలేక, ఉమ్మి కూడా మింగలేని స్థితి. రెండేళ్ల కిందట ఆయన పన్నులో చిన్న రంధ్రం పడింది. అప్పుడు ఫిల్లింగు చేయించుకుంటే ఒక్క పూటలో అయిపోయేది. నొప్పి వచ్చినప్పుడల్లా కిరాణా కొట్టులో గోలీ కొని వేసుకుంటూ నెట్టుకొచ్చారు. మందులు ఎక్కించి, అంబులెన్సులో పెద్దాసుపత్రికి పంపాం. బతికారు. కానీ ఆ రాత్రి ఊపిరి దారి మూసుకుపోతుందేమోనని మేమంతా భయపడ్డాం.

ఒకరు నోట్లో ఉన్న ఫిల్లింగును చూసి భయపడుతున్నారు. ఇంకొకరు లేని ఫిల్లింగు వల్ల ప్రాణం మీదికి తెచ్చుకున్నారు. నేను పళ్ల డాక్టర్ని కాను, జనరల్ మెడిసిన్ చదివినవాణ్ని. అయినా మా దగ్గర పంటి నొప్పి ముందు నా బల్ల దగ్గరికే వస్తుంది. అందుకే ఈ వార్త అసలు ఏమిటో, దాన్ని ఇంట్లో ఎలా అర్థం చేసుకోవాలో చెప్పాలనిపించింది.

జెనీవాలో ఏం తేల్చారు?

2025 నవంబరులో స్విట్జర్లాండ్‌లోని జెనీవాలో మినమాటా ఒప్పందంపై సంతకం చేసిన దేశాలు సమావేశమయ్యాయి. పళ్లలో నింపే పాదరసపు మిశ్రమం, అంటే అమాల్గం వాడకానికి 2034 నాటికి స్వస్తి చెప్పాలని అక్కడ నిర్ణయించాయి. మన దేశం ఈ ఒప్పందాన్ని 2018 జూన్‌లో ఆమోదించింది కాబట్టి ఈ గడువు మనకూ వర్తిస్తుంది.

మినమాటా జపాన్‌లోని ఒక ఊరు. అక్కడి రసాయన కర్మాగారం ఏళ్ల తరబడి పాదరసం కలిసిన వ్యర్థాలను సముద్రంలోకి వదిలింది. అది మిథైల్ పాదరసంగా చేపల్లో చేరింది. ఆ చేపలు తిన్నవారికి చేతులు వణకడం, చూపు మందగించడం, మాట తడబడటం మొదలయ్యాయి. కడుపులోని బిడ్డల మెదడు దెబ్బతింది. ఆ జబ్బును అధికారికంగా గుర్తించింది 1956లో. ఆ విషాదం పేరు మీదే 2013లో అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది, 2017 ఆగస్టులో అమల్లోకి వచ్చింది.

వాట్సాప్ మెసేజ్‌లో చెప్పని విషయం ఏమిటంటే, ఈ ఒప్పందం ప్రధాన ఉద్దేశం మన నోట్లో ఇప్పటికే ఉన్న ఫిల్లింగులను పీకించడం కాదు. పాదరసం భూమిలోకి, నీళ్లలోకి చేరకుండా ఆపడం. పళ్ల ఆసుపత్రి సింకులోంచి కాలువలోకి పోయే మిశ్రమం ముక్కలు, చెత్తలో కలిసే పాదరసం చివరికి చెరువుకో నదికో చేరతాయి. అక్కడి సూక్ష్మజీవులు దాన్ని మిథైల్ పాదరసంగా మారిస్తే చేపల ద్వారా మళ్లీ మన కంచంలోకి వస్తుంది. మా ఓపీలో ఒకప్పుడు బల్ల మీద ఠీవిగా ఉండే పాదరసం బీపీ యంత్రం కూడా ఈ కారణంతోనే వెళ్లిపోయింది. ఆ యంత్రంతో బీపీ చూపించుకున్నవాళ్లెవరూ విషం ఎక్కి పోలేదు కదా!

ఇది రాత్రికి రాత్రి పుట్టిన నిర్ణయమూ కాదు. నార్వే 2008లో, స్వీడన్ 2009లో ఈ మిశ్రమాన్ని ఆపేశాయి. 15 ఏళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు దంతవైద్యుడు తప్పనిసరి అనుకుంటే తప్ప దీన్ని వాడకూడదని 2022 మార్చిలో ఇండోనేషియాలోని బాలిలో ఈ దేశాలే తీర్మానించాయి. యూరోపియన్ యూనియన్ 2025 జనవరి 1 నుంచి అందరికీ ఆపేసింది. ప్రత్యేక వైద్య అవసరం ఉన్నవారికి మాత్రం మినహాయింపు ఇచ్చింది.

పాత ఫిల్లింగు ఉంటే?

మనం ‘వెండి సిమెంటు’ అని పిలుచుకునే దానిలో దాదాపు సగం పాదరసమే. మిగతాది వెండి, తగరం, రాగి. కలిపినప్పుడు ముద్దలా ఉండి తర్వాత రాయిలా గట్టిపడుతుంది. గట్టిపడ్డాక పాదరసం మిగతా లోహాలతో కలిసిపోయి ఉంటుంది. నమిలినప్పుడు, రాత్రిళ్లు పళ్లు కొరికే అలవాటు ఉన్నప్పుడు అతి కొద్దిగా ఆవిరి వస్తుంది. ఇది మినమాటా చేపల్లో చేరిన మిథైల్ పాదరసం కాదు. రెండూ పాదరసమే అయినా శరీరంలో వాటి దారి వేరు, మోతాదు వేరు.

అమెరికాలోని ఎఫ్‌డీఏ 2020 సెప్టెంబరులో ఈ విషయం మీద స్పష్టమైన సూచనలు ఇచ్చింది. గర్భిణులు, గర్భం కోసం ప్రయత్నిస్తున్నవారు, పాలిచ్చే తల్లులు, పిల్లలు (ముఖ్యంగా ఆరేళ్లలోపువారు), నరాల జబ్బులు ఉన్నవారు, కిడ్నీ పనితీరు తగ్గినవారు, పాదరసం పడనివారు వీలైనంత వరకు కొత్తగా ఈ ఫిల్లింగు పెట్టించుకోకపోవడం మంచిదని చెప్పింది. దాంతోపాటు చెప్పిన రెండో మాట మన ఫోన్ల దాకా రాలేదు. బాగున్న పాత ఫిల్లింగును వైద్యపరమైన అవసరం లేకుండా తీయించుకోవద్దని కూడా చెప్పింది. ఎందుకంటే డ్రిల్ పెట్టి తొలిచేటప్పుడే పాదరసం ఆవిరి ఎక్కువగా లేస్తుంది. దాంతోపాటు చుట్టూ ఉన్న మంచి పన్ను కూడా కొంత పోతుంది. ఒక్కో మార్పుకూ పన్ను కొంచెం కొంచెం బలహీనపడుతుంది.

టీచరమ్మకు అదే చెప్పాను. ‘‘ఆ ఫిల్లింగును కదిలించకండి మేడమ్. విరిగితే, అంచు దగ్గర సందు పడితే, మళ్లీ జిల్లుమంటే అప్పుడు మార్పించుకుందాం. పాపకు దానివల్ల ఏమీ కాలేదు, నిశ్చింతగా ఉండండి.’’ నోట్లోని వెండి ఫిల్లింగులన్నీ ఒకేసారి తీసి తెల్లవి పెట్టించుకుంటే మోకాళ్ల నొప్పులు, మతిమరుపు, నీరసం పోతాయని ఎవరైనా ప్యాకేజీ చెబితే ఒప్పుకోకండి. అలా పోతాయనడానికి నమ్మదగిన ఆధారం లేదు.

పురుగు కాదు, పులుపు

ఇక ఫిల్లింగు అసలెందుకు అవసరమవుతుందో చూద్దాం. మా ప్రాంతపు అంగళ్లలో ఇప్పటికీ అక్కడక్కడ పన్ను పురుగు తీసేవాళ్లు కనిపిస్తారు. వాకుడు గింజలు నిప్పుల మీద వేసి, ఆ పొగ నోట్లోకి పట్టించి, గిన్నెలో రాలిన సన్నని తెల్లని వాటిని చూపించి ‘ఇవిగో పురుగులు’ అంటారు. అవి ఆ గింజల్లోంచే వచ్చినవి. పొగకు కాసేపు మొద్దుబారినట్టు ఉండి నొప్పి తగ్గినట్టు అనిపిస్తుంది, రంధ్రం మాత్రం అలాగే ఉంటుంది.

పన్నును తినేది పురుగు కాదు, ఆమ్లం. పళ్ల మీద పాచిలో ఉండే బ్యాక్టీరియా మనం తిన్న చక్కెరను తిని ఆమ్లాన్ని వదులుతుంది. బిస్కెట్టు తిన్నా, తీపి చాయ్ తాగినా కొద్ది నిమిషాల్లోనే పంటి మీద పులుపు పెరుగుతుంది, పైపొర ఎనామిల్ నుంచి ఖనిజాలు కరుగుతాయి. అరగంటకో ఇంకాస్త ఎక్కువసేపటికో లాలాజలం దాన్ని సరిచేసి పోయిన ఖనిజాన్ని తిరిగి కూరుస్తుంది. ఆ సమయం దానికి దొరకాలి. అందుకే ఎంత తీపి తిన్నారన్నదే కాదు, రోజుకు ఎన్నిసార్లు తిన్నారన్నదీ ముఖ్యం. ఆఫీసులో గంటకో చాయ్, ఇంట్లో పిల్లాడి చేతిలో ఎప్పుడూ బిస్కెట్ ప్యాకెట్ ఉంటే లాలాజలానికి తీరిక ఎక్కడ?

ఒక ముఖ్యమైన తేడా కూడా ఇక్కడే చెప్పాలి. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువున్న ప్రాంతాల్లో పెరిగినవారి పళ్ల మీద కనిపించే సుద్దలాంటి గీతలు, గోధుమరంగు మచ్చలు పుచ్చు కాదు. నల్లగొండ పేరు చెబితే గుర్తొచ్చే సమస్య అది. దానికి చికిత్స వేరు. మచ్చ కనిపించిన ప్రతిదానికీ ఫిల్లింగు అవసరం లేదు.

నొప్పి చెప్పే కథ

ఎనామిల్‌కు నరం లేదు. అందుకే పుచ్చు మొదలైనప్పుడు నొప్పి ఉండదు. తెల్లని మచ్చగా ఉన్న దశలో ఫ్లోరైడ్ పేస్టు, తీపి తగ్గించడంతోనే వెనక్కి మళ్లించవచ్చు. రంధ్రం పడి లోపలి పొర డెంటిన్‌ను చేరితే చల్లనిది, తీపి తగిలినప్పుడు జిల్లుమంటుంది. నీళ్లు మింగగానే కొన్ని సెకన్లలో ఆ జిల్లు పోతోందంటే చాలావరకు ఫిల్లింగుతో సరిపోతుంది. అదే పదినిమిషాలు సలుపుతూనే ఉన్నా, రాత్రి పడుకోగానే దానంతటదే లేచి కూర్చోబెట్టినా పుచ్చు నరం దాకా వెళ్లినట్టే. అప్పుడు రూట్ కెనాల్ చేయించుకోవడమో, పన్ను తీయించుకోవడమో తప్పదు.

ఆ రైతు విషయంలో జరిగింది ఆ తర్వాతి మెట్టు. కొన్ని నెలలు భరించలేని నొప్పి తర్వాత ఒకరోజు నొప్పి హఠాత్తుగా ఆగిపోయిందట. ‘‘బాగైందనుకున్న సార్’’ అన్నారు ఆయన. బాగవలేదు. పంటి లోపల నరం చచ్చిపోయింది. చెప్పేవాడు లేక ఇల్లు నిశ్శబ్దమైంది, అంతే. చీము వేరు కొస నుంచి దవడలోకి, అక్కడి నుంచి గదవ కిందికి పాకింది. షుగర్ అదుపులో లేకపోవడంతో అది ఇంకా వేగంగా పాకింది. గదవ కింద వాపు, నోరు తెరవలేకపోవడం, మింగలేకపోవడం, జ్వరం కలిసి కనిపిస్తే తెల్లారేదాకా ఆగకండి. ఎంత రాత్రయినా ఆసుపత్రికి రండి.

యాంటీబయాటిక్ కోర్సు గురించి కూడా ఒక మాట. చాలామంది ‘పోయినసారి వేసుకున్న క్యాప్సూళ్లే’ అంటూ మందుల షాపులో అడిగి కొనుక్కుంటారు. వాపు, జ్వరం ఉన్నప్పుడు అవి కావాలి. పుచ్చు రంధ్రాన్ని మాత్రం ఏ క్యాప్సూలూ పూడ్చదు. నొప్పి గోలీల సంగతి మరీ ముఖ్యం. షుగర్, బీపీ ఉన్నవారు నెలల తరబడి వాటిని మింగి కిడ్నీలు పాడుచేసుకుని నా దగ్గరికి వచ్చిన సందర్భాలున్నాయి. లవంగ నూనె దూదితో అద్దుకుంటే ఒకపూట ఉపశమనం ఉంటుంది, అది తప్పు కాదు. గోలీని నలిపి చిగురు మీద పెట్టుకోవడం మాత్రం వద్దు. అక్కడ చర్మం కాలిపోతుంది.

కుర్చీలో కూర్చున్నాక

చాలామందికి అసలు భయం పాదరసం కాదు, డ్రిల్ శబ్దం. ఏం జరుగుతుందో ముందే తెలిస్తే సగం భయం పోతుంది. డాక్టర్ మొదట చూసి, అవసరమైతే చిన్న ఎక్స్‌రే తీస్తారు. రెండు పళ్ల మధ్య పడిన పుచ్చు పైకి కనబడదు. లోతు తెలియడానికీ ఎక్స్‌రే కావాలి. ఒక పంటి ఎక్స్‌రేలో రేడియేషన్ చాలా తక్కువ. పుచ్చు లోతుగా ఉంటే చిగురు దగ్గర మత్తు ఇంజెక్షన్ ఇస్తారు. సూది పొడిచినప్పుడు చురుక్కుమంటుంది, కొద్ది నిమిషాల్లో పెదవి లావెక్కినట్టు అనిపిస్తుంది. ఆ తర్వాత డ్రిల్ శబ్దం, అదురు, నీళ్లు తెలుస్తాయి గానీ నొప్పి తెలియకూడదు. తెలిస్తే చేయి ఎత్తండి, ఇంకాస్త మత్తు ఇస్తారు. ఓర్చుకోవడం గొప్పేమీ కాదు.

కుళ్లిన భాగం తీశాక గుంతను శుభ్రం చేసి ఆరబెడతారు. తెల్లని ఫిల్లింగు అయితే ఒక జెల్ పూసి, కడిగి, జిగురు వేసి, కాంపోజిట్‌ను పొరలు పొరలుగా పెడుతూ ఒక్కో పొరను నీలి కాంతితో గట్టిపరుస్తారు. చివరికి రంగు కాగితం కొరకమంటారు. ఎక్కడ ఎత్తుగా ఉందో దాని మీద పడిన మరక చెబుతుంది, అక్కడ అరగదీస్తారు. సాధారణంగా ఒక పంటికి అరగంట నుంచి గంట పడుతుంది.

రంగు కాగితం కొరికేటప్పుడు మొహమాటపడకండి. మత్తులో సరిగ్గా తెలియకపోయినా, మత్తు వదిలాక ‘ఈ పన్నే ముందు తగులుతోంది’ అనిపిస్తే మళ్లీ వెళ్లి అరగదీయించుకోండి. ఐదు నిమిషాల పని. అలాగే వదిలేస్తే నమిలినప్పుడల్లా నొప్పి వస్తుంది, ఫిల్లింగు విరుగుతుంది. అప్పుడు ‘ఫిల్లింగు పెట్టించుకున్నాకే నొప్పి మొదలైంది’ అన్న పేరు ఊరంతా పాకుతుంది.

మత్తు రెండు మూడు గంటలు, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువసేపు ఉంటుంది. అంతవరకు వేడి చాయ్ తాగొద్దు, నోరు కాలినా తెలియదు. పిల్లలైతే మొద్దుబారిన పెదవిని సరదాకు కొరుక్కుని పుండు చేసుకుంటారు, దగ్గరుండి చూడాలి. తెల్లని కాంపోజిట్ అప్పటికప్పుడే గట్టిపడుతుంది. వెండి ఫిల్లింగు పూర్తిగా గట్టిపడటానికి ఒక రోజు పడుతుంది కాబట్టి ఆ వైపు నమలకూడదు. కొన్ని రోజులు, ఒక్కోసారి రెండు మూడు వారాలు చల్లటి వాటికి జిల్లుమనడం మామూలే, రోజురోజుకూ తగ్గుతూ ఉండాలి. పెరుగుతుంటే, రాత్రి నిద్ర లేపుతుంటే మళ్లీ చూపించుకోవాలి.

ఇక మా ప్రాంతంలో నేను ఎక్కువగా చూసే పొరపాటు మరొకటి ఉంది. లోతైన పుచ్చుకు మొదటిరోజు శుభ్రం చేసి, మందు పెట్టి, పైన తెల్లని మెత్తటి సిమెంటుతో తాత్కాలికంగా మూస్తారు. ‘వారం తర్వాత రండి’ అంటారు. నొప్పి పోయింది, రంధ్రం కనబడటం లేదు, ఇంకెందుకు వెళ్లడం? జైనూర్ నుంచి ఉట్నూర్ మీదుగా ఆదిలాబాద్‌కో, కెరమెరి ఘాట్ దిగి ఆసిఫాబాద్‌కో మళ్లీ వెళ్లాలంటే ఒకరోజు కూలి, ఇద్దరి బస్సు చార్జీలు. ఉద్యోగులకైతే సెలవు. దాంతో ఆగిపోతారు. ఆ సిమెంటు కొన్ని వారాల్లో అరిగి రాలిపోతుంది, లోపల పుచ్చు మళ్లీ మొదలవుతుంది. ఏడాది తర్వాత వచ్చి ‘ఫిల్లింగు నిలవలేదు’ అంటారు. నిలవడానికి అది అసలు ఫిల్లింగే కాదు. అందుకే కుర్చీలోంచి లేచే ముందు రెండు ప్రశ్నలు అడగండి: ఇది తాత్కాలికమా, శాశ్వతమా? ఇంకా ఎన్నిసార్లు రావాలి, మొత్తం ఎంతవుతుంది? దూరం నుంచి వచ్చామని చెబితే చాలామంది డాక్టర్లు వీలైనంత పని ఒకేరోజు పూర్తి చేస్తారు.

వెండి పోతే దాని చోట ఏమిటి?

ఇప్పుడు అందుబాటులో ఉన్నవి ప్రధానంగా రెండు. ఒకటి పంటి రంగులో ఉండే కాంపోజిట్. చూడటానికి బాగుంటుంది, పన్నును తక్కువ తొలిస్తే చాలు. కానీ పెట్టేటప్పుడు పన్ను పూర్తిగా పొడిగా ఉండాలి. ఉమ్మి, రక్తం తగిలితే అతుకు చెడుతుంది. సమయం, నైపుణ్యం, లైటు, కరెంటు కావాలి. ఖర్చూ ఎక్కువే. రెండోది గ్లాస్ అయానమర్ సిమెంటు. ఇంగ్లండ్‌లో విల్సన్, కెంట్ అనే శాస్త్రవేత్తలు రూపొందించారు. ఇది పంటికి తనంతట తానే అతుక్కుంటుంది, కొద్ది తేమను తట్టుకుంటుంది, మెల్లగా ఫ్లోరైడ్‌ను వదులుతుంది. గట్టిగా నమిలే దవడ పళ్లలో పెద్ద గుంతలకు మాత్రం త్వరగా అరుగుతుంది. వెండి ఫిల్లింగు తప్పుగా పెట్టడం కష్టం, పెడితే పది పదిహేనేళ్లు నిలిచేది. దాని అందం అది. దాని లోటు పూడ్చడం తేలిక కాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో తన అత్యవసర మందుల జాబితాలో గ్లాస్ అయానమర్‌ను, సిల్వర్ డయామైన్ ఫ్లోరైడ్ అనే ద్రావణాన్ని చేర్చింది. ఈ రెండోది మా ప్రాంతానికి చాలా పనికొచ్చేది. డ్రిల్, సూది లేకుండా పుచ్చు మీద పూస్తే పుచ్చు ముందుకు పాకడం చాలావరకు ఆగుతుంది. పుచ్చిన చోటు నల్లగా మారుతుంది, అది ముందే తెలుసుకోవాలి. రాలిపోయే పాలపళ్లకు ఆ నలుపు పెద్ద ఇబ్బంది కాదు. ఇంకో పద్ధతి 1980లలో ఆఫ్రికాలోని టాంజానియాలో మొదలైంది. కరెంటు, డ్రిల్ లేకుండా చేతి పనిముట్లతోనే మెత్తబడిన భాగాన్ని గీకి తీసి గ్లాస్ అయానమర్‌తో మూసేస్తారు. ఒక బల్ల, కొన్ని పనిముట్లు, శిక్షణ పొందిన దంతవైద్యుడు ఉంటే ఆశ్రమ పాఠశాల వరండాలోనే చేయవచ్చు.

నా అభిప్రాయంలో 2034 గడువు గురించి మాట్లాడాల్సింది ఇక్కడే. ఒప్పందంలో అమాల్గం తగ్గించడానికి తొమ్మిది చర్యల జాబితా ఉంది, కనీసం రెండైనా చేపట్టాలి. ఆ జాబితాలో మొట్టమొదటిది ఏమిటో తెలుసా? అసలు పుచ్చు రాకుండా చూసేలా జాతీయ లక్ష్యాలు పెట్టుకోవడం. ఫిల్లింగుల అవసరమే తగ్గితే ఏ పదార్థం అన్న గొడవ సగం తీరుతుంది. ప్రపంచంలో దాదాపు 350 కోట్ల మందికి ఏదో ఒక నోటి సమస్య ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదికలో చెప్పింది. అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది వైద్యం అందని పుచ్చే.

హైదరాబాద్‌లో ఇప్పటికే చాలా క్లినిక్‌లు వెండి మానేశాయి, అక్కడివారికి ఈ గడువు పెద్ద వార్త కాదు. ఏజెన్సీలో పరిస్థితి వేరు. ప్రభుత్వాసుపత్రిలో దంతవైద్యుడి పోస్టు ఉండాలి, ఆ పోస్టులో మనిషి ఉండాలి, కుర్చీ, కంప్రెసర్ పనిచేయాలి, కాంపోజిటో గ్లాస్ అయానమరో బీరువాలో అయిపోకుండా ఉండాలి. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి లేకపోయినా మిగిలేది పన్ను పీకడమే. పీకడానికి పటకారు చాలు. పాదరసం ఆపడం మంచి నిర్ణయమే. కానీ దాని చోట రావాల్సింది రాకముందే అది పోతే, మా దగ్గర వెండి ఫిల్లింగు స్థానంలో వచ్చేది తెల్ల ఫిల్లింగు కాదు, ఖాళీ చిగురు. ముప్పై ఏళ్లకే దవడ పళ్లు పోగొట్టుకుని జొన్నరొట్టె నమలలేక మెత్తటి తీపి పదార్థాల వైపు మళ్లే షుగర్ రోగులను నేను ఇప్పటికే చూస్తున్నాను.

వేరే జబ్బులున్నవారు

నా విభాగం కాబట్టి ఇది కాస్త వివరంగా. షుగర్ ఉన్నవారు ఖాళీ కడుపుతో వెళ్లొద్దు. మామూలుగా తిని, మందు వేసుకుని, ఉదయం పూట వెళ్లండి. మత్తు వల్ల మధ్యాహ్నం తినడం ఆలస్యమై షుగర్ పడిపోయే ప్రమాదం ఉంది. షుగర్ బాగా ఎక్కువగా ఉన్నా, నొప్పీ చీమూ ఉంటే వాయిదా వేయొద్దు. ఆ చీమే షుగర్‌ను దిగనివ్వదు.

బీపీ మందు ఆ రోజు మానకండి. గుండెకు స్టెంట్ వేసి ఆస్పిరిన్ లాంటివి వాడుతున్నవారు మామూలు ఫిల్లింగు కోసం వాటిని సొంతంగా ఆపొద్దు. చిగురు నుంచి వచ్చే రెండు చుక్కల రక్తం కంటే మూసుకుపోయే స్టెంట్ చాలా ప్రమాదం. గుండె కవాటం మార్పించుకున్నవారు, పుట్టుకతో కొన్ని రకాల గుండె లోపాలున్నవారు, ఇదివరకు కవాటానికి ఇన్ఫెక్షన్ సోకినవారు మాత్రం ముందే చెప్పాలి. వారికి చిగురును కదిలించే చికిత్సకు ముందు ఒక మోతాదు యాంటీబయాటిక్ ఇవ్వాల్సి ఉంటుంది.

గర్భిణులు నొప్పిని భరిస్తూ కూర్చోనక్కర్లేదు. నాలుగు నుంచి ఆరు నెలల మధ్య కాలం అన్నిటికంటే అనువైనది. నొప్పి, చీము ఉంటే ఏ నెలలోనైనా వైద్యం చేయవచ్చు. గర్భంతో ఉన్నారని చెబితే పాదరసం లేని ఫిల్లింగే పెడతారు.

ఇంట్లో పెద్దగా ఖర్చు లేని పనులు రెండు. ఫ్లోరైడ్ ఉన్న పేస్టుతో పొద్దున, రాత్రి పడుకునే ముందు తోముకోవడం. మూడేళ్లలోపు పిల్లలకు బియ్యపు గింజంత, ఆపై పిల్లలకు బఠాణీ గింజంత పేస్టు చాలు. రెండోది, చిరుతిండిని భోజనం వేళకు జరపడం. బొగ్గుపొడి, ఇటుకపొడి మానేయండి, ఎనామిల్ అరిగిపోతుంది. వేప పుల్ల వాడే పెద్దవాళ్లను నేను వారించను, దాంతోపాటు రాత్రికి పేస్టు కూడా వాడమంటాను.

టీచరమ్మ మొన్న మళ్లీ వచ్చారు, బీపీ మందుల కోసం. ఈసారి పాపను కూడా తెచ్చారు. ఆరో తరగతి చదువుతోంది. ఫిల్లింగు తీయించుకోలేదు గానీ, ఇంటికెళ్లి టార్చి వేసి పాప నోరు చూశారట. ఎడమవైపు కింది దవడ పంటి మీద చిన్న నల్లని చుక్క, చల్లని నీళ్లకు ఒక్క క్షణం జిల్లు. వచ్చే శనివారం ఆదిలాబాద్ వెళ్లడానికి ఇద్దరికీ టైం తీసుకున్నారు.